నెలజీతం లేని సొంత పనుల్లో ఉన్నవాళ్ళు రేపటికి ఏం ఏర్పాటు చేసుకుంటున్నారు? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు చెప్పండి

కావలి స్టూడియో (కావలి)

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్ళు. కావలిలో ఫోటో స్టూడియో ఉంది. రాబడి చాలావరకు పెళ్ళిళ్ళ మీదే. ఇద్దరు పిల్లలు, పెద్దది నాలుగో తరగతి. అమ్మా నాన్నా మాతోనే ఉంటారు.

మా పనిలో డబ్బు ముహూర్తాలను బట్టి వస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నిద్ర ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పాస్‌పోర్టు సైజు ఫోటోలు తప్ప పని ఉండదు. 2024 వేసవిలో గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం ఒకేసారి వచ్చి ఏప్రిల్ చివరి నుంచి జూలై మొదటి దాకా పెళ్ళిళ్ళే లేవు. స్టూడియో అద్దె, ఎడిటింగ్ కుర్రాడి జీతం, కెమెరా ఈఎంఐ మాత్రం ఆగవు కదా.

మా తోడల్లుడు గవర్నమెంటు టీచరు. ఆయనకు నెలనెలా పింఛను కోత పడుతుంది, హెల్త్ కార్డు ఉంది. మొన్న ఇంట్లో కూర్చుని ఉండగా, "నీకు అరవై వచ్చాక ఆ కెమెరా మోసే ఓపిక ఉండదు, అప్పుడేంది?" అని అడిగాడు. ఎగతాళిగా అడగలేదు, నా మీద ప్రేమతోనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఏ ఫండులో ఎంత పెట్టాలి అని అడగడం లేదు. అది తర్వాత. నెలకో రకంగా డబ్బు వచ్చే మనలాంటి వాళ్ళు అసలు పక్కకు ఎలా తీస్తున్నారు? ముందు ఏం చేశారు, తర్వాత ఏం చేశారు? మీ పని ఏదైనా సరే, వివరంగా రాయండి.

మగ్గం వర్క్ అక్క (ఒంగోలు)

తమ్ముడూ, నీకు పని లేని నెలలే నాకూ పని లేని నెలలు. పెళ్ళిళ్ళు లేకపోతే బ్లౌజులు లేవు, మగ్గం వర్కూ లేదు. అందుకే నీ ప్రశ్న చదవగానే రాయాలనిపించింది.

ముందు నువ్వు నీ స్టూడియోలో జీతానికి చేరు. మీ తోడల్లుడికి డబ్బు చేతికి రాకముందే కోత పడుతుంది. మనకు మొత్తం చేతికొస్తుంది, అక్కణ్ణుంచి ఇంట్లోకి పోతుంది, మిగిలితే దాచుకుందాం అనుకుంటాం. అలా అనుకున్న ఇంట్లో ఎప్పుడూ మిగలదు. నాకన్నా మూడింతలు సంపాదించే షాపుల వాళ్ళను చూశాను, వాళ్ళకీ మిగలడం లేదు.

నేను చేసేది ఇది. షాపుకు ఒక కరెంటు ఖాతా, ఇంటికి వేరే బ్యాంకులో సేవింగ్స్ ఖాతా. షాపులో అతికించిన క్యూఆర్ కోడ్ షాపు ఖాతాదే. జరీ, పూసలు, లైనింగు, పనివాళ్ళ కూలి, అద్దె, కరెంటు బిల్లు అన్నీ అందులోంచే. ఒకటో తారీఖున షాపు ఖాతా నుంచి ఇంటి ఖాతాకు ఒక మొత్తం వెళ్తుంది. శ్రావణంలో ఎంత వెళ్తుందో ఆషాఢంలోనూ అంతే. శ్రావణంలో షాపు ఖాతాలో డబ్బు నిండుగా కనపడుతుంది, ముట్టుకోను. అది ఆషాఢానిది.

ఆ జీతం ఎంతన్నది ఎలా తేల్చాలి అంటావా? గత సంవత్సరం వచ్చిందంతా రాయి. స్టూడియో ఖర్చులు, ఈఎంఐతో సహా, తీసెయ్. మాటవరసకు 6 లక్షలు తేలిందనుకో. పన్నెండుతో భాగిస్తే 50,000. అంత తీసుకోకు. 35,000 తీసుకో. ఏడాదికి 4,20,000 ఇంటికి పోగా 1,80,000 ఉంటుంది. నీ పీఎఫ్, నీ పింఛను, నీ ఆస్పత్రి ఖర్చు, రేపు కొత్త కెమెరా బాడీ కొనాల్సిన డబ్బు, అన్నీ ఆ 1,80,000 లోంచే రావాలి. 35,000తో ఇల్లు గడవదు అనిపిస్తే లెక్క చూసింది మంచిదే అయింది. నీ పని ఇంకా ఇంటిని పూర్తిగా మొయ్యడం లేదని ఇప్పుడే తెలుస్తుంది. రేటు పెంచాలో, ఖర్చు తగ్గించాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఇంకోటి. పెళ్ళివాళ్ళు ఇచ్చే అడ్వాన్సు నీ డబ్బు అనుకోకు. ఆల్బమ్ వాళ్ళ చేతిలో పెట్టేదాకా అది వాళ్ళదే. పెళ్ళి వాయిదా పడితే తిరిగి అడుగుతారు. నా దగ్గర బ్లౌజు అడ్వాన్సు చిన్న మొత్తం, నీ దగ్గర పెద్ద మొత్తం. ఆ డబ్బుతో స్కూలు ఫీజు కట్టావంటే తర్వాతి అడ్వాన్సుతో ఈ పెళ్ళి చెయ్యాల్సి వస్తుంది. చాలామంది ఈవెంట్ల వాళ్ళు చిక్కుకునేది అక్కడే.

కావలి స్టూడియో

అక్కా, అడ్వాన్సు మాట ఎవరూ ఇలా చెప్పలేదు. ఖాతాలు వేరు చెయ్యడం రేపే మొదలుపెడతాను. ఒక సందేహం. ముందు కెమెరా ఈఎంఐ తీర్చెయ్యాలా, చేతిలో కొంత నిల్వ పెట్టుకోవాలా?

చీమకుర్తి టిప్పర్ (చీమకుర్తి)

నిల్వ ముందు బ్రదర్. ఈఎంఐ వాయిదా ప్రకారం కట్టుకుంటూ పో. చేతిలో రూపాయి లేకుండా అప్పు తీర్చేస్తే, రేపు కెమెరా షట్టర్ పోయినా, పిల్లకు జ్వరమొచ్చినా, మళ్ళీ నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో తెస్తావు. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం, మూడంటే 36. నీ ఈఎంఐ వడ్డీ అంత ఉండదు. ఎక్కువ వడ్డీ అప్పు ఏదన్నా బయట ఉంటే మాత్రం దాన్ని ముందు తీర్చు.

ఎంత నిల్వ అంటే, నీకు పెళ్ళిళ్ళు లేని కాలం ఎంత పొడుగో అంత. 2024లో రెండు నెలల పైన అన్నావు. మూడు నెలల ఇంటి ఖర్చు, మూడు నెలల స్టూడియో ఖర్చు. మా క్వారీ పనుల్లో ఎగుమతి ఆర్డర్లు తగ్గితే నెలల తరబడి బండి షెడ్డులో ఉంటుంది, అందుకని నేను ఇంకా ఎక్కువ పెట్టుకుంటాను. గ్రానైట్ లోడు తోలేవాడికి టైర్ల ఖర్చే వేరు.

బీమా సంగతి ఎవరూ ఎత్తలేదు, అది చెప్తాను. బండికి ఇన్సూరెన్సు లేకపోతే ఆర్టీఓ ఆపుతాడు, అందుకని అందరం కడతాం. మనిషికి లేకపోతే ఎవరూ ఆపరు. అక్కడే మన బాధ్యత మనం తీసుకోవాలి.

బ్యాంకుకు వెళ్ళి ఈ రెండూ ఈ వారమే చేయించు. ప్రధానమంత్రి సురక్ష బీమా: ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ళ వరకు. జీవన్ జ్యోతి బీమా: ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 50 ఏళ్ళ లోపు చేరాలి. ప్రీమియం ఖాతాలోంచి ఏటా దానంతట అదే పోతుంది, మే చివర్లో ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోవాలి. ఇవి ఉంటే చాలని అనుకోవద్దు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి 4 లక్షలు ఎన్నాళ్ళు వస్తుంది? వేరే టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బిచ్చే జీవిత బీమా) కావాలి, ఏడాది ఆదాయానికి పదింతలకు తగ్గకుండా.

టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు ఎండబ్ల్యూపీ అని ఒక గడి ఉంటుంది. వివాహిత మహిళల ఆస్తి చట్టం, 1874 నాటిది. అది టిక్ పెట్టి భార్యాపిల్లల పేర్లు రాస్తే, రేపు నీకు ఏమన్నా అయినప్పుడు నీ వ్యాపారం అప్పులవాళ్ళు ఆ డబ్బు మీద చెయ్యి వెయ్యడానికి లేదు. పాలసీ తీసుకునేటప్పుడే పెట్టాలి, తర్వాత కుదరదు. ఉద్యోగస్తులకన్నా మనలాంటి అప్పులతో నడిచే వాళ్ళకే ఇది ఎక్కువ అవసరం. ఏజెంట్లు చెప్పరు, మనమే అడగాలి.

కొండపి పెద్దాయన (కొండపి)

అబ్బాయిలూ, మీరంతా బాగా రాస్తున్నారు గానీ ఒక మాట చెప్పనివ్వండి. నేను పొగాకు కాల్చే బ్యారన్ మీద బతికినోణ్ణి. ఖాతాలు, పాలసీలు మా నాన్నకు తెలియవు. ఆయన మిగిలినప్పుడల్లా చెక్కో ముక్కో పొలం కొన్నాడు. ఆ పొలమే మా ముగ్గురు అన్నదమ్ముల్ని చదివించింది, మా చెల్లెలి పెళ్ళి చేసింది. పొలం ఉన్నోడిని ఊళ్ళో నమ్ముతారు, బ్యాంకు నమ్ముతుంది. కాగితం మీద ఉన్న డబ్బు నాకు భద్రతగా అనిపించదు.

అయితే ఆ అమ్మాయి చెప్పిన కోత మాట నిజం. పొగాకు బోర్డు వేలంలో మా బేలు అమ్ముడైతే బ్యాంకు అప్పు కోసుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. ఆ కోత లేకపోతే సగం మంది అప్పు కట్టేవాళ్ళు కాదు. మంచివాళ్ళు కాక కాదు, చేతికొచ్చిన డబ్బుకు వంద దారులు ఉంటాయి.

విడవలూరు చెరువులు (విడవలూరు)

బాబాయ్, మీ మాట కాదనడం లేదు. మీ నాన్నగారి రోజుల్లో ఎకరం కొనడానికి, ఈ రోజు ఎకరం కొనడానికి పోలిక లేదు. ఇంకో సంగతి ఏందంటే, పొలం అవసరానికి అమ్మాలంటే అవసరం ఉందని తెలిసినవాడే వస్తాడు కొనడానికి. రేటు సగానికి అడుగుతాడు. అర్ధరాత్రి ఆస్పత్రిలో చేర్చినప్పుడు పావు ఎకరం కోసి అమ్మలేం కదా.

నాది రొయ్యల సాగు. పది మందికి తెలిసిన విషయమే, చెరువులో లాభం వస్తే ఇంకో చెరువు కౌలుకు తీసుకుంటాం. సీడు, మేత, ఏరియేటర్లు, కరెంటు, అన్నీ చెరువులోనే. తెల్లమచ్చ రోగం వస్తే ఒక్క వారంలో పంట మొత్తం పోతుంది. రోగం రాకపోయినా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచగానే ఇక్కడ రొయ్యల రేట్లు పడ్డాయి. నేను మేత సరిగ్గా వేశానా, నీళ్ళు చూసుకున్నానా అన్నదానితో దానికి సంబంధమే లేదు. పనిమంతుడు కూడా నష్టపోతాడు ఇందులో.

అందుకని నా నియమం ఒకటే పెట్టుకున్నా. రొయ్యలు పట్టి అమ్మిన ప్రతిసారీ లాభంలో నాలుగో వంతు చెరువుకు సంబంధం లేని చోటికి పోతుంది. నా వ్యాపారం మీద నాకు ఎంత నమ్మకమున్నా సరే. స్టూడియో తమ్ముడికి కూడా ఇదే చెప్తా. మంచి సీజన్ రాగానే డ్రోను, కొత్త లెన్సు, రెండో స్టూడియో అని మనసు లాగుతుంది. అది పెట్టుబడే, కాదనను. కానీ నీ రాబడి, నీ దాపుడు రెండూ పెళ్ళిళ్ళ మీదే ఉంటే పెళ్ళిళ్ళు ఆగినప్పుడు రెండూ ఒకేసారి ఆగుతాయి.

కొండపి పెద్దాయన

నువ్వు చెప్పింది ఆలోచించాల్సిందే. మొన్న 2025లో నల్ల బర్లీ పొగాకు వేసినోళ్ళ గతి చూశాం. కొనేవాడు లేక ప్రభుత్వం మార్క్‌ఫెడ్ అనే సహకార సంస్థ చేత కొనిపించాల్సి వచ్చింది. పొలం పది ఎకరాలున్నా ఆ రోజు చేతిలో డబ్బు లేదు వాళ్ళకి. పొలం అమ్మమని నేను ఎవరికీ చెప్పను. కానీ కొత్తగా మొదలుపెట్టే పిల్లలు ముందు చేతిలో నిల్వ పెట్టుకుని తర్వాత స్థలం జోలికి పోవడం మంచిది. అప్పు చేసి ప్లాటు కొనడం మాత్రం వద్దు.

మగ్గం వర్క్ అక్క

పెద్దనాన్నగారూ, మీరు ఆ మాట అనడం బాగుంది. బంగారం గురించి కూడా ఎవరన్నా అడుగుతారని చెప్తున్నాను. ఇంట్లో ఉన్న బంగారం అవసరానికి తాకట్టుకు పనికొస్తుంది, అదే రోజు డబ్బు వస్తుంది. అంతవరకు మంచిదే. కానీ నగలు చేయించుకుని దాన్ని పొదుపు అనొద్దు. తరుగు, మజూరీ పోయేవి పోతాయి, పైగా ఆ నగ అమ్మడానికి ఏ ఇంట్లోనూ మనసొప్పదు.

పొగతోట మెడికల్స్ (నెల్లూరు)

నాది పొగతోటలో మందుల షాపు. చుట్టూ ఆస్పత్రులే. డిశ్చార్జి బిల్లు కోసం మెడలో గొలుసు తీసి పరుగెత్తే వాళ్ళను తరచూ చూస్తాను. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి వాళ్ళే, చిన్న షాపులు, సొంత ఆటోలు, మేస్త్రీలు. కూలివాళ్ళకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంటుంది, ఉద్యోగస్తులకు కార్డు ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్ళు రెండింటికీ చెందకుండా ఉండిపోతున్నారు.

తమ్ముడూ, ముందు నీ రేషన్ కార్డుతో వైద్య సేవ వర్తిస్తుందో లేదో సచివాలయంలో కనుక్కో. వర్తించినా అన్ని ఆస్పత్రులూ, అన్ని జబ్బులూ అందులో ఉండవు. కాబట్టి సొంత హెల్త్ పాలసీ ఉండాలి. నీకూ, భార్యకూ, పిల్లలకూ కలిపి ఒకటి. అమ్మానాన్నలకు విడిగా ఇంకొకటి. అందరినీ ఒకే పాలసీలో పెడితే పెద్దవాళ్ళ వయసును బట్టి ప్రీమియం లెక్కేస్తారు, మొత్తం భారం పెరుగుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. ఖరీదని వాయిదా వేసినవాళ్ళు మళ్ళీ ఒకసారి రేటు అడగండి.

షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయించండి. ముందునుంచి ఉన్న జబ్బులకు గరిష్టంగా మూడేళ్ళు ఆగాలి, ఆ తర్వాత వర్తిస్తుంది. దాస్తే అసలు అవసరం వచ్చిన రోజు క్లెయిమ్ తిరగ్గొడతారు. మా షాపుకొచ్చే వాళ్ళలో ఈ కష్టం పడ్డ కుటుంబాలు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పాలసీ ఇస్తారు, పెద్ద జబ్బు వచ్చాక అడిగితే దొరకడం కష్టం. 34 ఏళ్ళంటే ఇదే సరైన సమయం.

లెక్కల పద్దు (నెల్లూరు)

నేను ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. రెండు మూడు సంగతులు చెప్తాను.

ఆదాయం తక్కువ చూపించడం తెలివి అని చిన్న వ్యాపారులు అనుకుంటారు. ఏళ్ళ తరబడి పన్ను పడని అంకె చూపిస్తారు. తర్వాత ఇంటి రుణానికి వెళ్తే బ్యాంకు ఆ అంకెనే చూస్తుంది. టర్మ్ పాలసీ కోటి రూపాయలకు అడిగితే కంపెనీ కూడా రిటర్నులే అడుగుతుంది, ఆ ఆదాయానికి అంత కవరేజి ఇవ్వదు. నిజం చూపించండి. 2 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారానికి అంచనా ఆదాయం పద్ధతి ఉంది: నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం లాభంగా చూపిస్తే పెద్ద పుస్తకాలు రాయక్కర్లేదు. నిజంగా వచ్చింది అంతకన్నా ఎక్కువైతే ఎక్కువే చూపించవచ్చు, అదే చెయ్యాలి. ఫోటోగ్రఫీని వ్యాపారంగా చూపాలా వృత్తిగా చూపాలా అన్నది మీ ఆడిటర్‌తో తేల్చుకోండి.

పింఛను సంగతి. అటల్ పెన్షన్ యోజనలో 40 ఏళ్ళ లోపు చేరవచ్చు, అరవై తర్వాత నెలకు గరిష్టంగా 5,000. పద్దెనిమిదేళ్ళప్పుడు చేరితే అందుకు నెలకు 210 కడితే చాలు, 35 ఏళ్ళకు చేరితే 902 అవుతుంది. 2022 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు అందులో చేరే వీలు లేదు. ఎడిటింగ్ కుర్రాడి లాంటి వాళ్ళకు ఇది చాలా మంచిది, మీరే దగ్గరుండి చేర్పించండి. మీకు మాత్రం పాతికేళ్ళ తర్వాతి 5,000తో ఏమీ కాదు. ఎన్‌పీఎస్ అనే జాతీయ పింఛను పథకాన్ని 2009 నుంచి అందరికీ తెరిచారు, ఏడాదికి వెయ్యి రూపాయలు కట్టినా ఖాతా బతికే ఉంటుంది, మంచి సీజన్లో ఎక్కువ వెయ్యొచ్చు. నెలనెలా ఒకే మొత్తం కట్టలేని వాళ్ళకు అది సరిపోతుంది.

పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) కూడా అంతే. ఏడాదికి కనీసం 500, గరిష్టంగా 1,50,000. పదిహేనేళ్ళు. ఇప్పుడు వడ్డీ 7.1 శాతం. ఏటా లక్షన్నర కడితే చివరికి సుమారు 40 లక్షలు. కొత్త పన్ను విధానంలో 80సీ మినహాయింపు లేదు కాబట్టి ఎందుకు కట్టాలి అని అడుగుతున్నారు. వడ్డీ మీద పన్ను లేదన్నది ఒక కారణం. నా దృష్టిలో ఇంకో పెద్ద కారణం ఉంది. వ్యాపారంలో అప్పులు పడి కోర్టు డిక్రీ వచ్చినా పీపీఎఫ్ డబ్బు జప్తు చెయ్యడానికి లేదు. సొంత వ్యాపారం చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి?

సింగరాయకొండ కిరాణా (సింగరాయకొండ)

చీటీల మాట ఎవరూ ఎత్తలేదేం? మా బజారులో పొదుపంటే చీటీయే. మంచిదా కాదా?

లెక్కల పద్దు

రిజిస్టర్ అయిన చీటీ తప్పేమీ కాదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టే ముందు అనుమతి తీసుకోవాలి, నిర్వాహకుడు చీటీ మొత్తానికి సరిపడా డిపాజిట్ పెట్టాలి, కమీషను 7 శాతం దాటకూడదు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే ఆ చీటీకి అనుమతి ఉందో లేదో చెప్తారు. పరిచయస్తులు వేసే చీటీలకు ఇవేవీ ఉండవు, రాసుకున్న చిన్న పుస్తకం తప్ప.

ఎంత మంచి చీటీ అయినా అది వ్యాపారానికి పెట్టుబడి సర్దుకునే మార్గం. ముసలితనానికి దాచుకునే చోటు కాదు. పాడుకున్న డబ్బు చేతికొచ్చాక అది ఎక్కడికి పోతోందో చూడండి, మీకే అర్థమవుతుంది.

చీమకుర్తి టిప్పర్

చీటీ మాట వచ్చింది కాబట్టి షూరిటీ సంతకం గురించి కూడా చెప్పాలి. చీటీ పాడినవాడు ష్యూరిటీ అడుగుతాడు, ఫైనాన్సులో బండి తీసినవాడు అడుగుతాడు. "ఉత్త సంతకమే కదన్నా" అంటారు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. వాడి ఆస్తి చూసి, మిగిలింది నీ దగ్గర అడగాలన్న రూలు లేదు. నేరుగా నీ ఇంటికే రావచ్చు. నీ సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

సంతకం పెట్టొద్దని చెప్పలేను, మనం మనుషుల మధ్య బతుకుతున్నాం. కానీ ఆ మొత్తం నేను కట్టగలనా అని ముందు లెక్క వేసుకోవాలి. కట్టగలిగినంతకే పెట్టాలి. ఇంట్లో చెప్పకుండా అసలు పెట్టకూడదు.

బుజబుజనెల్లూరు (నెల్లూరు)

నేను ఎక్కువగా చదువుతుంటాను, రాయను. "ఇంట్లో చెప్పకుండా" అన్న మాట చూసి రాస్తున్నాను.

మా ఆయన ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపేవారు. గేట్లు, గ్రిల్స్, షెడ్లు వేసేవారు. 2021 మేలో కోవిడ్‌తో పోయారు. పనిలో చాలా నిజాయితీ ఉన్న మనిషి. ఇంట్లో ఏ లోటూ రానివ్వలేదు. డబ్బు టెన్షన్ నాకెందుకని నాకు ఏదీ చెప్పలేదు. ప్రేమతోనే చెప్పలేదు, అది నాకు తెలుసు.

ఆయన పోయాక ఆయన ఇవ్వాల్సిన వాళ్ళు అందరూ వచ్చారు. ఆయనకు రావాల్సిన వాళ్ళు ఎవరూ రాలేదు. ఎవరు ఎంత ఇవ్వాలో ఆయన తలలోనే ఉండేది. ఫోనుకు లాకు. బ్యాంకు ఖాతా పెళ్ళికి ముందు తెరిచింది, నామినీగా మామగారి పేరు ఉంది, ఆయన అప్పటికే కాలం చేశారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చి, మిగతా కాగితాలు పెట్టి ఆ డబ్బు తీసుకునేసరికి నెలలు పట్టింది. ఆ నెలల్లోనే నాకు డబ్బు ఎక్కువ అవసరం. జీవన్ జ్యోతి బీమా ఉందని పాస్‌బుక్కులో కోత చూసి బ్యాంకులో ఒక అమ్మాయి చెప్తే తెలిసింది. లేకపోతే ఆ 2 లక్షలు అడిగేదాన్నే కాదు.

స్టూడియో తమ్ముడూ, మీ ఆవిడకు అన్నీ చెప్పండి. ఖాతాలు ఏవి, పాలసీలు ఏవి, ఎవరికి ఇవ్వాలి, ఎవరి దగ్గర రావాలి, ఒక లాంగ్ నోట్ బుక్కులో రాసి నెలకోసారి ఆమెతో కలిసి చూడండి. ఏ పెళ్ళివాళ్ళ అడ్వాన్సు ఎంత ఉందో కూడా. ప్రోనోటు మీద ఎవరికైనా ఇచ్చి ఉంటే అది మూడేళ్ళకు కాలదోషం పడుతుంది, లోపల చెల్లు రాయించుకోవాలట. నాకు ఎవరూ చెప్పలేదు, తెలిసేసరికి ఒక నోటుకు గడువు దాటిపోయింది.

కావలి స్టూడియో

అమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. నా ఖాతాలో నామినీ ఎవరో నాకే గుర్తు లేదు, చూడాలి.

లెక్కల పద్దు

నామినీ గురించి: 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులకే ఉంటుంది. అందుకని చిన్న వీలునామా కూడా రాసి పెట్టుకోండి. తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

విడవలూరు చెరువులు

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. కోవూరు వైపు షాపుల్లోకి నీళ్ళొచ్చాయి. స్టూడియో పరికరాలకు బీమా ఉందా తమ్ముడూ? కెమెరాలు, కంప్యూటర్లు, హార్డ్‌డిస్కులు అన్నీ కింద అరలో పెట్టుకుంటారు మీవాళ్ళు. షాపు పాలసీలో వరద, దొంగతనం రెండూ ఉన్నాయో లేదో చూసి తీసుకో. పెళ్ళి ఫోటోలు ఇంకోచోట కాపీ కూడా ఉంచు, అవి పోతే మళ్ళీ తీయలేవు.

కావలి స్టూడియో

అన్నా, లేదు. ఇది నా బుర్రలోకే రాలేదు. కనుక్కుంటాను.

ఇప్పటికి మేం అనుకున్నది రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి. స్టూడియోకు వేరే ఖాతా, ఒకటో తారీఖున ఇంటికి 30,000. అక్క చెప్పినట్టు లెక్క వేస్తే నాకు 35,000 కుదరలేదు. అడ్వాన్సులు అందులోనే విడిగా ఒక చిన్న డిపాజిట్‌గా. ఈ మాఘం, ఫాల్గుణం రాబడితో ముందు మూడు నెలల నిల్వ. ఆ రెండు బ్యాంకు బీమాలు నాకూ, మా ఆవిడకూ ఈ వారమే. హెల్త్ పాలసీ, టర్మ్ పాలసీ నిల్వ పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే. ఎడిటింగ్ కుర్రాణ్ణి అటల్ పెన్షన్లో చేర్పిస్తాను, వాడికి 22 ఏళ్ళు, సగం నేనే కడతాను. పీపీఎఫ్, ఎన్‌పీఎస్ వైశాఖం తర్వాత.

ఒక్కటే ప్రశ్న మిగిలింది. పీపీఎఫ్ నా పేరు మీద కాకుండా మా ఆవిడ పేరు మీద తెరవొచ్చా? ఆమెకు సంపాదన లేదు. పెద్ద పాపకు తొమ్మిదేళ్ళు, తన పేరు మీద ఏమన్నా ఉందా?

లెక్కల పద్దు

తెరవొచ్చు. సంపాదన ఉండాలన్న నియమం లేదు. పాన్, ఆధార్ ఉంటే కావలి హెడ్ పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరుస్తారు. నెలలో 5వ తేదీ లోపు వేసిన డబ్బుకే ఆ నెల వడ్డీ వస్తుంది, కాబట్టి ఒకటో తారీఖు కోతతోనే కలిపి వేసెయ్యండి.

పాపకు సుకన్య సమృద్ధి ఉంది, ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఖాతా నిలుస్తుంది. కానీ పదేళ్ళు నిండేలోపే తెరవాలి. తొమ్మిదంటున్నారు కాబట్టి దీన్ని వైశాఖం దాకా ఆపకండి. పాప బర్త్ సర్టిఫికెట్ తీసుకుని ఈ వారమే వెళ్ళండి.